ముద్ద విడిపోయిన సినిమా

దోర్రా తీసిన సినిమా నిండా ఒక్క నిమిషం కూడా ఉండదు. అందులో పాట లేదు, మాట లేదు, మనిషి అసలే లేడు. నల్లటి తెర మీద రంగురంగుల రిబ్బన్లు కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా వణుకుతుంటాయి. చుట్టూ పచ్చటి చుక్కలు ఈగల్లా ముసురుతాయి. చివరికొచ్చేసరికి ముద్ద రెండుగా విడిపోయి, సగం ఈ కొసకీ సగం ఆ కొసకీ పోతుంది. అంతే సినిమా. అయినా స్ఫాక్స్ ఊళ్ళో గ్రెమ్దా రోడ్డులోని వీధివాళ్ళు దాన్ని చూసినన్నిసార్లు ఏ సీరియల్నీ చూసి ఉండరు. దానికి కారణం దోర్రా వాళ్ళమ్మ సలువా. ఫోను ఆవిడ చేతిలో ఉండగా ఎదురుపడిన మనిషి తప్పించుకోవడం కష్టం.

"ఇదిగో, ఈ రిబ్బన్లే ప్రోటీన్లు. మెదడులో ఇలా ఉండలు కట్టి పేరుకుపోతే అదే మతిమరుపు జబ్బు. ఈ పచ్చవి మన ఆలివాకులో ఉండే చేదు. చూడు చూడు, ఇప్పుడు విడిపోతుంది... అయ్యో, అటు చూశావేం! ఉండు, మళ్ళీ పెడతా."

అది కంప్యూటర్లో లెక్కకట్టిన బొమ్మ మాత్రమేననీ, ఎవరి మెదడులోనూ తీసింది కాదనీ దోర్రా చాలాసార్లు చెప్పింది. సలువా ప్రతిసారీ తలాడించి, పక్కవాళ్ళకి చెప్పేటప్పుడు ఆ మాట వదిలేసేది.

గురువారం దోర్రా డాక్టరేట్ పరీక్ష. పరీక్ష అన్నది పేరుకే. స్ఫాక్స్‌లో అది పెళ్ళికి ఒక మెట్టు కింద. ముందు వరసలో ప్రొఫెసర్లు కూర్చుంటారు, వెనక వరసల్లో అత్తలు, మేనమామలు, వీధివాళ్ళు. ఫలితం చెప్పగానే ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కేకలు పెడతారు, ఆ వెంటనే మిఠాయి పళ్ళాల మీద గుడ్డలు తొలగుతాయి. అందుకే సోమవారం పొద్దుటికే సలువా వంటిల్లు మిఠాయి కొట్టులా తయారైంది. ఆవిడ పెద్ద రాగి పళ్ళెంలో పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి పరుస్తూ, పొరపొరకీ కరిగిన వెన్న పూస్తోంది. బాదం పొడిలో వాసన కోసం జెరానియం నీళ్ళు చిలకరించి కలపడం దోర్రా పని. కలిపింది పరిచాక, కాల్చకముందే పళ్ళెమంతా కత్తితో ఏటవాలు గళ్ళుగా కొయ్యాలి.

"కత్తి నిటారుగా పట్టవే. గడి వంకర పోయిందంటే మహ్రెస్ నుంచి వచ్చే మీ అత్తలు ఏడాది పొడుగునా చెప్పుకుంటారు."

"వాళ్ళు వచ్చేది నా పరీక్షకా, నీ బక్లావాకా?"

"నీ పరీక్షకి వంకలు పెట్టడం వాళ్ళకి చేతకాదు. బక్లావాకి పెట్టగలరు."

పెరటి తలుపు తోసుకుని జకియా వచ్చింది. పక్కింటావిడ, దోర్రాకి పిన్ని వరస. చంకలో అరువు తెచ్చిన పళ్ళాలు రెండున్నాయి. ఆవిడ భర్త మొఖ్తార్ ఫాస్ఫేట్ రైళ్ళు నడిపి రిటైరైనవాడు. రైలు దారి ఎత్తుపల్లాలన్నీ కళ్ళు మూసుకుని చెప్పగలిగిన ఆ మనిషి ఇప్పుడు రొట్టె కొట్టు దాకా వెళ్ళి ఇంటికి దారి తెలియక నిలబడిపోతున్నాడు.

"ఎలా ఉన్నాడే?" అంది సలువా చేతులు ఆపకుండానే.

"దేవుడి దయ. నిన్న భోజనం దగ్గర నన్ను పేరుపెట్టి పిలిచాడు. జకియా, ఉప్పందుకో అన్నాడు. అంతా మన దోర్రా ఆకు చలవే."

సలువా వెన్న చేతులతోనే కూతురి తల దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టింది. దోర్రాకి సంతోషమూ బెరుకూ కలిసి వచ్చాయి. "పిన్నీ, డాక్టరిచ్చిన మాత్రలు మానిపించలేదు కదా?"

"నీ ఆకు కషాయం ఉండగా మాత్రలెందుకే!" అని జకియా నవ్వి, బాదం పొడి చిటికెడు నోట్లో వేసుకుంది. ఆ నవ్వు దోర్రాకి అంత నచ్చలేదు. కానీ సలువా అప్పటికే మరో పళ్ళెం అందించి కొయ్యమంది.

మధ్యాహ్నం కాలేజీలో ప్రొఫెసర్ రవూఫ్ ఆమె గదిలోకి తొంగిచూశాడు. అందరూ ఆయన్ని సీ రవూఫ్ అంటారు. పెద్దవాళ్ళ పేరు ముందు సీ లేకుండా పిలిచే అలవాటు ఆ ఊళ్ళో లేదు. సిగరెట్లు మానినప్పటినుంచీ ఆయన జేబులో గుమ్మడి గింజలు పోసుకుని తిరుగుతున్నాడు. మాటకీ మాటకీ మధ్య ఒక గింజ పగిలేది.

"సినిమా చూపిస్తావుగా, తల్లీ. దానికి పెట్టె గీత గియ్యి. చుట్టూ చట్రం లేకపోతే మా ముసలాళ్ళకి ఎటు చూడాలో తెలియదు."

"ఇప్పుడే గీస్తాను, సీ రవూఫ్."

పెట్టె అంటే లెక్క జరిగే చోటు. కంటికి ఆనని ఒక నీటి తొట్టి అనుకోవచ్చు. అందులో ప్రోటీన్ ముక్కలూ, ఆకులోని చేదూ, వేల నీటి అణువులూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, ప్రతి క్షణం ఏది ఎటు కదిలిందో కంప్యూటర్ లెక్కకడుతుంది. సినిమా తీసేటప్పుడు నీళ్ళని దాచేస్తారు, లేకపోతే ఏమీ కనపడదు. గోడలు కూడా గీయరు. అసలు అవి నిజం గోడలు కావు. కుడి గోడలోంచి బయటికి పోయింది ఎడమ గోడలోంచి లోపలికి వస్తుంది, పైనుంచి పోయింది కిందనుంచి వస్తుంది. ఇంటి వీధి తలుపులోంచి బయటికి వెళ్తే పెరటి తలుపులోంచి అదే ఇంట్లోకి వచ్చినట్టు. అలాగైతేనే చిటికెడు నీళ్ళు అంతులేని నీళ్ళలా నడుస్తాయి. ఈ పని నేర్చుకునేవాళ్ళకి మొదటి పాఠం ఇదే. రోజూ వాడే నియమం కాబట్టే అది ఉందన్న సంగతి కూడా గుర్తుండదు.

దోర్రా సన్నటి తెల్లగీతతో పెట్టె గీసింది. సినిమా నడిపింది. ముద్ద వణుకుతూ మెల్లగా కుడివైపు జరిగింది. తెల్లగీతని ఆనుకుంది. అప్పుడు విడిపోయింది.

ఆమె వెనక్కి తిప్పి మళ్ళీ నడిపింది. సరిగ్గా కుడి గీత దగ్గర సగం మాయమైన క్షణంలోనే ఎడమ గీత దగ్గర ఆ సగం పుట్టింది. ఒక రిబ్బను తోక కుడి గోడలో ముగుస్తుంటే, దాని తల ఎడమ గోడలోంచి పొడుచుకువస్తోంది. ఏ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి వదిలినట్టు లేవు.

ఆమె పెట్టెని పక్కకి జరిపి, ముద్ద మధ్యలోకి వచ్చేటట్టు బొమ్మని మళ్ళీ కట్టమంది. కంప్యూటర్ కాసేపు నమిలి చూపించింది. ముద్ద నిక్షేపంగా ఉంది. మొదటినుంచి చివరిదాకా ఒక్క పోగు కూడా ఊడలేదు. పచ్చచుక్కలు దాని చుట్టూ ముసురుతున్నాయి, అంతే. అది విడిపోలేదు, గోడ దాటింది.

మరి గ్రాఫో? ముక్కల మధ్య దూరం అమాంతం పెరిగినట్టు చూపించిన ఆ గ్రాఫ్, మూడో అధ్యాయానికంతటికీ ఆధారమైన ఆ గ్రాఫ్? దూరం కొలిచే ప్రోగ్రాం తెరిచి చూసింది. అది ఈ కొసనుంచి ఆ కొసకి తిన్నగా టేపు పెట్టి కొలుస్తోంది. ముక్కలు గోడకి అవతల పక్కనే ఉన్నాయన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. ఆకు చేదు లేకుండా నడిపినప్పుడు ముద్ద నడిమధ్యే తచ్చాడింది, గోడదాకా పోనేలేదు. అందుకని అది విడిపోలేదనీ, ఇది విడిపోయిందనీ రాసుకుంది. దోర్రా వెళ్ళి సీ రవూఫ్‌ని పిలుచుకొచ్చింది.

సీ రవూఫ్ రెండు బొమ్మలూ చూశాడు. మళ్ళీ మళ్ళీ చూశాడు. నోట్లో గింజ పగలలేదు.

"నేను పది రకాల ప్రశ్నలు వేశాను దీనిమీద. చేదు ఎక్కడ అంటుకుంది, నీటి వేడి ఎంత, అన్నీ అడిగాను. విడిపోయిందా అని మాత్రం అడగలేదు," అన్నాడు చివరికి.

"నాకే తట్టలేదు, సీ రవూఫ్. తప్పు నాది."

"సంతకం నాది కూడా. తప్పులో సగం నాకు పెట్టు, నీకొక్కదానికే ఇవ్వను." ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చాడు. "విను. మొదటి రెండు అధ్యాయాలకీ ఢోకా లేదు. ముద్ద ఎలా కడుతుందన్నది నువ్వు చక్కగా చూపించావు. మూడోదే పోయింది. వాయిదా వెయ్యమంటే వేయిస్తాను. కానీ గాబెస్ కాలేజీవాళ్ళు నీకిస్తామన్న ఉద్యోగానికి నెలాఖరుకల్లా డాక్టరేట్ చేతిలో ఉండాలి. వాయిదా పడితే అది పోతుంది."

"గురువారమే చెప్తే?"

"పరీక్ష చేసే జడ్జీలు అప్పటికప్పుడు కాగితాలు మూసేసి లేచిపోవచ్చు. వాళ్ళకా హక్కుంది. అప్పుడూ పోతుంది, పైగా మీ అత్తల ముందు." ఆయన గొంతు తగ్గించాడు. "మూడో దారి కూడా ఉందని నీకు తెలుసు. థీసిస్ ముందే చదివిన జడ్జీలిద్దరూ రిపోర్టులు మెచ్చుకునే రాశారు. పెట్టె గీత గియ్యకపోతే ఎవరికీ కనపడదు."

దోర్రా ఆయన్ని చూసింది. ఆయన కళ్ళు దించుకున్నాడు.

"చెప్పాలి కాబట్టి చెప్పాను. నువ్వు ఆ దారిన పోతే నాకు బాధగా ఉంటుంది. కానీ పోనివ్వను అని అనే ధైర్యం కూడా ఇవాళ నాకు లేదు. నిన్ను కూతురిలా చూసుకున్నాను, అదే చిక్కొచ్చింది."

ఇంటికొస్తుంటే దోర్రాని ఉద్యోగం కన్నా ఎక్కువగా కలవరపెట్టింది జకియా నవ్వు. నీ ఆకు కషాయం ఉండగా మాత్రలెందుకే. గోడ దాటిన ముద్దని చూసి ఒక మనిషి మందు మానేశాడు. జడ్జీల సంగతి తర్వాత. ముందు ఆ ఇంటికి వెళ్ళాలి. మంగళవారమంతా వెళ్ళలేకపోయింది. రెండుసార్లు పెరటి తలుపుదాకా వెళ్ళి, ఉల్లిపాయల కోసమే వచ్చినట్టు నటించి వెనక్కొచ్చింది.

బుధవారం పొద్దున వెళ్ళేసరికి జకియా వంటింట్లో చిన్న గిన్నెలో ఆకులు మరుగుతున్నాయి. అవతల గదిలో మొఖ్తార్ కిటికీ పక్కన కూర్చుని వీధిలో పోయే వాళ్ళకి చెయ్యి ఊపుతున్నాడు. దోర్రా నిలబడే చెప్పింది. సినిమా అబద్ధమైందని, ముద్ద విడిపోలేదని, తన లెక్కే తప్పని. ఆకు పనిచెయ్యదని కాదు, పనిచేస్తుందని చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని.

"మాత్రలు మళ్ళీ మొదలుపెట్టు పిన్నీ. ఇవాళే. కావాలంటే డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. నావల్ల బాబాయికేమన్నా అయితే నేను..."

జకియా పొయ్యి ఆర్పింది. గిన్నె తీసుకెళ్ళి తొట్టిలో ఒంపేసింది. అది రోజూ చేసే పనిలా అలవోకగా చేసింది.

"ఆయన మొదటి రోజే మొహాన ఉమ్మాడే. ఇంత చేదు నీ మొగుడికి పోసుకో అన్నాడు. నేనే కదా పెళ్ళాన్నని గుర్తులేదు పాపం." ఆవిడ నవ్వబోయి మానేసింది. "ఆ తర్వాత ఎప్పుడూ పట్టలేదు. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు."

"మరి పేరు పెట్టి పిలిచాడన్నావు? ఉప్పందుకోమన్నాడన్నావు?"

"అన్లేదు."

"పిన్నీ!"

"మీ అమ్మ రోజూ అడుగుతుందే. ఎలా ఉన్నాడు, తగ్గిందా అని ఎంత ఆశగా అడుగుతుందో! పోనీ ఒకరోజు తగ్గిందన్నాను. ఆ మొహం వెలిగిపోయింది. నీ మొహం అయితే చెప్పనే అక్కర్లేదు. ఇంతమందిని సంతోషపెట్టే మాట మా ఇంట్లో వేరే ఏముంది? రోజూ ఒకటి అల్లేదాన్ని. ఆకులు మరిగించకపోతే వాసన రాలేదని సలువా పసిగడుతుందని మరిగించేదాన్ని కూడా."

దోర్రా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడాది కిందట ఒకసారి ఆమెకి అనుమానం వచ్చింది. ముద్ద మరీ అంత తొందరగా విడిపోవడమేమిటని లెక్క మళ్ళీ మొదటినుంచి చూద్దామనుకుంది. ఆ వారమే జకియా పిన్ని వచ్చి బాబాయికి కాస్త తెలివొచ్చిందని చెప్పింది. బొమ్మలో విడిపోయింది, మనిషిలోనూ విడిపోతోంది, ఇంకేం చూడాలి అనుకుని పక్కన పెట్టేసింది. తన సినిమా చూసి పిన్ని అబద్ధం చెప్పింది, పిన్ని అబద్ధం విని తను సినిమాని నమ్మింది. ఇద్దరిదీ ప్రేమే. దోర్రాకి ఏడుపొచ్చింది, అందులోనే నవ్వూ వచ్చింది. జకియా కూడా తలగుడ్డ కొంగుతో కళ్ళొత్తుకుంటూ పకపకా నవ్వడం మొదలుపెట్టింది.

"రేపు మరి వాళ్ళకేం చెప్తావ్?" అంది నవ్వు ఆగాక.

"తెలీదు. చెప్తే డాక్టరేట్ పోతుందేమో. అమ్మ పళ్ళాలన్నీ..."

జకియా ఎదురుగా కూర్చుంది. అవతలి గది వైపు ఒకసారి చూసి మెల్లగా అంది: "ఈ ఇంట్లో నిజం చెప్పేవాళ్ళు లేరే. డాక్టరు ఆయన తలమీదుగా నాతో మాట్లాడతాడు. మా అబ్బాయి ఫోన్‌లో, బాగున్నావు నాన్నా అంటాడు. నేను సరేసరి. ఆయనకి ఏదో పోతోందని ఆయనకి తెలుసు, మేమంతా ఏమీ పోలేదంటాం. ఇవాళ నువ్వు వచ్చి తప్పయిందన్నావు చూడు, నాకు ఒళ్ళు తేలికైంది. ఎందుకో అడక్కు. రేపు నీ ఇష్టం. నేనైతే వస్తాను. ఆయన్నీ తీసుకొస్తాను."

గురువారం హాలు నిండిపోయింది. మహ్రెస్ అత్తలు మొదటే వచ్చి ఫ్యాను కింద చోటు పట్టారు. సలువా కొత్త చీనాపట్టు దుస్తుల్లో, ముందు వరస వెనకే, ఫోను రికార్డింగుకి సిద్ధం చేసుకుని కూర్చుంది. మొఖ్తార్‌కి కోటు తొడిగి జకియా చివర్లో కూర్చోబెట్టింది. దోర్రా మొదటి రెండు అధ్యాయాలూ తడబడకుండా చెప్పింది. తర్వాత సినిమా పెట్టింది. ముద్ద విడిపోయింది. అత్తల వరసలో "మాషా అల్లా" అని వినపడింది.

"ఇప్పుడు దీన్నే పెట్టె గీతతో చూపిస్తాను," అంది దోర్రా. "ఇది నా థీసిస్‌లో లేదు. సోమవారం తెలిసింది."

రెండోసారి ముద్ద గోడ దాటింది. మూడోసారి, పెట్టె జరిపాక, చెక్కుచెదరకుండా నిలబడింది. దోర్రా కొలత ఎక్కడ తప్పిందో చెప్పి, మూడో అధ్యాయాన్ని వెనక్కి తీసుకుంటున్నానంది. సలువా ఫోను మెల్లగా ఒళ్ళోకి దిగింది. జరిగిందేమిటో ఆవిడకి పూర్తిగా అర్థం కాలేదు. తన కూతురు తన నోటితోనే తన మీద ఫిర్యాదు చేసుకుంటోందని మాత్రం తెలిసింది.

ట్యూనిస్ నుంచి వచ్చిన పరీక్షకురాలు మదాం ఉల్ఫా కళ్ళజోడు తీసింది. "ఈ బొమ్మని నేను నా రిపోర్టులో అద్భుతం అని రాశాను. గుర్తుందా?"

"గుర్తుంది, మదాం."

"మీ బంధువులందరి ముందూ నన్ను తెలివితక్కువదాన్ని చేశావు."

"క్షమించండి మదాం. ముందు నన్ను చేసుకున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. మదాం ఉల్ఫా నవ్వలేదు. జడ్జీలు ఆలోచించుకోవడానికి అందరినీ వసారాలోకి పంపించారు.

వసారాలో పళ్ళాలు గుడ్డలు కప్పుకుని బల్లల మీద బారుగా ఉన్నాయి. సలువా కూతుర్ని స్తంభం చాటుకి లాగింది. "ఒక్క గంట నోరు మూసుకోలేకపోయావా? వాళ్ళకి తెలియనిది నువ్వెందుకు తవ్వి చూపించడం? వీధి వీధంతా చూపించానే నేను! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగను? మరి మొఖ్తార్‌కి తగ్గడం ఏమిటి, అదీ అబద్ధమేనా?"

"అదీ అబద్ధమే, సలువా. నాది," అంది వెనకనుంచి జకియా.

సలువా ఆవిడ వంక అలాగే చూసింది. "నువ్వు కూడానా? రోజూ నా వంటింట్లో కూచుని?"

"నీ వంటింట్లోనే. నువ్వంత ఆశపడకపోతే అంత చెప్పేదాన్ని కాదు."

సలువాకి కోపం వచ్చినంత వచ్చింది. కానీ పక్కన మొఖ్తార్ కోటు బొత్తాలు ఒకదానికొకటి తప్పు పెట్టుకుని, దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ఆయన్ని చూసింది. ఇన్నాళ్ళూ తగ్గిందనే అనుకుంటూ సరిగ్గా చూడనే లేదు. దగ్గరికెళ్ళి బొత్తాలు విప్పి మళ్ళీ వరసగా పెట్టింది.

తలుపు తెరిచారు. అందరూ లోపలికి వెళ్ళాక జడ్జీల అధ్యక్షుడు నిలబడి చదివాడు. మొదటి రెండు అధ్యాయాల మీద డాక్టరేట్ ఇస్తున్నారు. మూడోది తిరగరాయాలి. శ్రేణి మామూలు గౌరవప్రదం. పై శ్రేణికి చేర్చే 'అత్యంత' అన్న మాట కోసం అత్తలు ఇంకాసేపు చెవులు రిక్కించారు. అది రాలేదు. ఎవరూ కేక పెట్టలేదు. పెట్టొచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. అప్పుడు మదాం ఉల్ఫా వెనక్కి తిరిగి, "ఈమె తల్లి ఎవరు? కేక పెట్టరేం? మా ఊళ్ళో అయితే ఈపాటికి పైకప్పు ఎగిరిపోయేది," అంది. సలువా నోరు తెరిచింది. మొదట ఏడుపే వచ్చింది. తర్వాత ఆ ఏడుపులోంచే కేక లేచింది, జకియా అందుకుంది, అత్తలు అందుకున్నారు. సీ రవూఫ్ జేబులోంచి గుప్పెడు గింజలు తీసి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ జేబులోనే పోసుకున్నాడు.

పళ్ళాలు తిరుగుతున్నాయి. దోర్రా బక్లావా తీసుకెళ్ళి మొఖ్తార్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె మొహంలోకి చూశాడు. ఆ పూట కళ్ళు తేటగా ఉన్నాయి.

"నువ్వేనా, ఈ జబ్బుకి మందు కనిపెట్టిన పిల్లవి? అందరూ అనుకుంటున్నారు."

అత్తల్లో ఒకావిడ అవునన్నట్టు గబగబా తలూపింది. సలువా "అవును అన్నయ్—" అనబోయి కూతుర్ని చూసి ఊరుకుంది. జకియా చెయ్యి భర్త భుజం మీద ఉంది. దోర్రాకి జడ్జీల ముందు కూడా ఇంత భయం వెయ్యలేదు. మోకాళ్ళ మీద ఆయన ఎదురుగా కూర్చుంది.

"కాదు బాబాయ్. కనిపెట్టాననుకున్నాను. తప్పయింది. మందు ఇంకా దొరకలేదు."

ఆయన బక్లావా పక్కన పెట్టాడు. ఆ మాట నచ్చిందో, నొప్పించిందో ఎవరికీ తెలియలేదు.

"దొరకలేదా?"

"లేదు బాబాయ్."

మొఖ్తార్ ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. బండి కదలాల్సిన వేళకి ప్లాట్‌ఫారం మీద కబుర్లాడుతున్న కుర్రాణ్ణి గదమాయించే గొంతు, ఏళ్ళ తర్వాత బయటికొచ్చింది.

"మరైతే ఇక్కడ మిఠాయిలు పంచుకుంటూ కూచున్నావేం? లే! పో, పని చూసుకో!"